తొమ్మిది పోగుల కమ్మలు

పొద్దున్నే కొట్టు తలుపు తీసి, లక్ష్మీదేవి పటం ముందు అగరొత్తి వెలిగించాక ఇతిశ్రీ తప్పకుండా చేసే పని ఒకటుంది. ఫోన్ తీసి, సెర్చ్‌లో తమ కొట్టు పేరు కొట్టి చూసుకోవడం. 'నటబర తారకసి, కటక్.' నటబర ఆమె మామగారి పేరు, తారకసి అంటే సన్నని వెండి తీగతో నగలు అల్లే పని. మొట్టమొదట తమ బ్లాగే వస్తుంది. అది చూసుకున్నాకే టీ.

ఆ బుధవారం టీ గ్లాసు చేతిలోకి తీసుకుందో లేదో, భువనేశ్వర్ నుంచి గురుమా బనలత ఫోన్ చేసింది. నలభై ఏళ్లుగా ఒడిస్సీ నేర్పుతున్న మనిషి. కుశల ప్రశ్నలు లేవు.

"ఇతీ, మీ మామగారు చేసిచ్చిన నడుము పట్టీ ఇరవై రెండేళ్లయినా తళతళలాడుతోంది. మొన్న నా శిష్యురాళ్లు మీ దగ్గర కొన్న కమ్మలు నెల తిరక్కుండా పచ్చబడ్డాయి. ఒక పిల్లకి చెవి పుండయింది. వెండి వాడటం ఎప్పుడు మానేశారమ్మా?"

"గురుమా, ఈ ఏడు మీ పిల్లలెవరూ మా దగ్గర కమ్మలే కొనలేదు."

"కొనకపోవడమేంటి? నీ రాత చదివే కొన్నారు. నల్లబడ్డ తీగ వెండిని కుంకుడు రసంతో ఎలా కడగాలో రాశావే, అది. ఫొటోలో నీ చెయ్యే ఉంది, బొటనవేలి మీద కాలిన మచ్చతో సహా. కింద 'ఇక్కడ కొనండి' అని ఉంటే కొన్నారు."

"సెర్చ్‌లో ఏమని కొట్టారట?"

"నాకేం తెలుసు? నగలు నల్లబడితే ఏం చేయాలని అడిగి ఉంటారు. ఎవరైనా అదే కదా అడుగుతారు, మీ మామ పేరు అడుగుతారా?"

ఇతిశ్రీ టీ గ్లాసు పక్కన పెట్టేసింది. నిజమే. కొట్టు పేరు తెలిసినవాడికి సెర్చ్ ఎందుకు? ఇన్నాళ్లూ తన పేరు తనే పిలుచుకుని, తనే పలికి మురిసిపోయింది. అప్పటికప్పుడు భర్త ఫోన్ లాక్కుని 'ఒడిస్సీ వెండి నగలు నల్లబడితే' అని కొట్టింది. మొదట వచ్చింది 'రజతరేఖ' అనే నగల కొట్టు. ఎప్పుడూ వినని పేరు. తెరిస్తే తన రాతే, అక్షరం పొల్లుపోలేదు. తన చెయ్యే. తమ బ్లాగు మాత్రం మూడు పేజీలు తిప్పినా లేదు.

"ఆదివారం దాకా చూస్తాను" అంది గురుమా. "నమ్మకమైన కొట్లని నా బడి పేజీలో మూడు పేర్లు పెట్టాను. మీది మొదటిది. అరవై బడులు ఆ జాబితా చూసి కొంటాయి. ఇది దొంగతనమైతే దొంగెవడో తేల్చి నా ముందు పెట్టు. తేల్చలేకపోతే మీ పేరు తీసేస్తాను. ఆ పిల్లల ముందు నాకూ ముఖం ఉండాలి కదమ్మా."

భాద్రపదం నడుస్తోంది. చలికాలపు నాట్యోత్సవాలకి నగల బేరాలు కుదిరేవి ఈ నెలన్నరలోనే. ఆ జాబితాలో పేరు పోయిందంటే కొట్టు ఉన్నా లేనట్టే.

ఇతిశ్రీ రజతరేఖ పేజీలన్నీ ఒక్కొక్కటే తెరిచి చూసింది. తన రాతలు నలభై మూడున్నాయి అక్కడ. వేలు ఆగిపోయింది మాత్రం తేదీల దగ్గర. ప్రతి రాతా తమ బ్లాగులో వచ్చిన రోజుకంటే ఒక రోజు ముందే అక్కడ వచ్చింది. అంటే అచ్చయ్యాక ఎత్తుకుపోయినవి కావు. చిత్తుప్రతిగా ఉండగానే పోతున్నాయి.

చిత్తుప్రతులు చూడగలిగేది ఆమె కాక ఇద్దరే. బ్లాగును సెర్చ్‌లో పైకి తెచ్చే పని రెండేళ్లుగా చూస్తున్న శుభేందు ఒకడు. నెల మొదటి తారీఖున ఆకుపచ్చ బాణాలున్న నివేదిక పంపి, "అపా, ఈ నెల కూడా మనమే పైన" అని అక్కను పిలిచినట్టు పిలిచేవాడు. రెండోవాడు మరిది టుకు. ఫొటోలు తీసేదీ, రాతలు బ్లాగులోకి ఎక్కించేదీ వాడే.

టుకు రెండు నెలలుగా వేరే మనిషిలా ఉన్నాడు. తను గదిలోకి వస్తే ఫోన్ బోర్లా పెడతాడు. వారానికి రెండుసార్లు భువనేశ్వర్ పోతాడు. ఎందుకంటే "స్నేహితుడి దగ్గరికి" అంటాడు. ఏ స్నేహితుడో చెప్పడు.

ఆమె శుభేందుకి ఫోన్ చేసింది.

"చెప్పకూడదు గానీ అపా, ఇలాంటివి ఎక్కువగా ఇంటి కంప్యూటర్ నుంచే బయటికి పోతాయి" అన్నాడతను, జాలిగా. "మీరేం గాభరా పడకండి. ముందు పాస్‌వర్డ్ మార్చేయండి. టుకు భాయికి మాత్రం చెప్పకండి. నేనున్నాను కదా."

మార్చేసింది. కొత్తది శుభేందుకి మాత్రమే చెప్పింది. మధ్యాహ్నం టుకు కంప్యూటర్ ముందు కూర్చుని రెండుసార్లు కొట్టి చూసి, తలెత్తి వదినని పిలిచాడు.

"భావుజా, లోపలికి పోనివ్వట్లేదేంటి?"

"ఏదో ఇబ్బందట. శుభేందు చూస్తున్నాడు."

"నీ ఫోన్లో తెరుచుకుంది కదా ఇందాక?"

"ఏమో మరి. నాకేం తెలుసు ఇవన్నీ."

వాడు ఆమె ముఖంలోకి ఒక నిమిషం చూశాడు. కుర్చీ నెమ్మదిగా వెనక్కి జరిపి మేడ మీదికి పోయాడు. ఆ చూపు దొంగదో, దెబ్బతిన్నవాడిదో ఆమెకు తేలలేదు. తేలకపోవడమే భయపెట్టింది. వాడు ఏడో తరగతిలో ఉన్నప్పుడు ఆమె ఈ ఇంటికి కోడలిగా వచ్చింది. వాడి లెక్కల పుస్తకాలకి అట్టలు వేసింది ఆమే.

గురువారం ఇతిశ్రీ ఒక అబద్ధం రాసింది. అత్తగారి అత్తగారు వానాకాలం నాట్యానికని ప్రత్యేకంగా చేయించుకున్న 'మేఘచంపా కమ్మలు' అని. తొమ్మిది వెండి తీగలు కలిపి పేని చేసేవారని. కటక్‌లో తీగ పట్టిన ఏ పనివాడైనా నవ్వుతాడు. తారకసిలో పేనేది రెండు పోగులు. అలాంటి కమ్మలు లేవు, ఉండవు. రాసి, చిత్తుప్రతిగా దాచి, కంప్యూటర్ కట్టేసి, ఆ గది తాళం తన కొంగుకే కట్టుకుంది.

శుక్రవారం పొద్దున రజతరేఖలో మేఘచంపా కమ్మలు అమ్మకానికి వచ్చేశాయి. 'మా ముత్తవ్వ చేతి నమూనా. ఐదు జతలే మిగిలాయి.' కింద ఎక్కడివో మామూలు కమ్మల ఫొటో.

భర్త బసంత కొలిమి దగ్గర నుంచి వంగి చూశాడు. "తొమ్మిది పోగులా? అవి చెవికి పెట్టుకునేవి కావు, పడవ కట్టేసే మోకు" అని నవ్వాడు. ఇతిశ్రీకి నవ్వు రాలేదు. టుకు దగ్గర గది తాళమూ లేదు, కొత్త పాస్‌వర్డూ లేదు. ఆ రాత ఉందని కూడా వాడికి తెలియదు.

మేడ మీద టుకు కెమెరా అద్దం తుడుస్తున్నాడు.

"నువ్వు కాదు" అంది ఆమె, గుమ్మంలోనే నిలబడి.

"తెలుసు, నేను కాదని" అన్నాడు వాడు తలెత్తకుండా. "నీకు తెలియడానికి రెండు రోజులు పట్టింది."

"మరి భువనేశ్వర్ ఎందుకు పోతున్నావురా?"

"ఫొటో స్టూడియోలో ఉద్యోగం ఇస్తామన్నారు. కొట్టు వదిలి పోవాలంటే అన్నయ్యకి ఎలా చెప్పాలా అని నలుగుతున్నా. అడిగితే చెప్పేవాణ్ణి కదా భావుజా. అడక్కుండా తాళం మార్చావు."

వాడే లేచాడు. "సరే, పద. ఎక్కడ పోతున్నాయో చూద్దాం. గురుమా ఆదివారం దాకానే అంది కదా."

"నీకెలా తెలుసు?"

"ఆవిడ గొంతు వీధి చివరిదాకా వినిపిస్తుంది."

కంప్యూటర్ ముందు వాడికి అరగంట కూడా పట్టలేదు. పేజీని తిరగేసి లోపలి రాత చూపించాడు. చదివేవాళ్ల కంటికి కనిపించని చోట, ప్రతి రాత తలభాగంలో, సెర్చ్ ఇంజిన్‌కి మాత్రమే వినిపించేలా ఒక వాక్యం ఉంది. ఈ రాతకి అసలు ప్రతి ఇది కాదు, రజతరేఖలో ఉంది, దాన్నే చూపించు అని. నలభై మూడు రాతలకీ అదే వాక్యం.

"దొంగ మన సరుకు ఎత్తుకుపోవడమే కాదు" అన్నాడు టుకు. "మన గుమ్మం మీదే బోర్డు పెట్టాడు, అసలు కొట్టు పక్క వీధిలో ఉందని. ఈ చోట రాయడానికి నీకూ నాకూ హక్కు లేదు. శుభేందుకే ఉంది."

ఇంకొకటి కూడా బయటపడింది. బ్లాగు చిరునామా నటబర తారకసి పేరున లేనే లేదు. శుభేందు పేరున ఉంది. రెండేళ్ల కిందట "ఆ కాగితాల పని నేను చూసుకుంటా అపా" అన్నప్పుడు ఆమె సంతోషంగా తలూపింది. దొంగా అని ముఖం మీద అంటే, ఆ నిమిషంలోనే అంతా చెరిపేయగలడు.

అందుకే అనలేదు. ముందు గురుమాకి మేఘచంపా సంగతి చెప్పి, తర్వాత శుభేందుకి ఫోన్ చేసింది. "గురుమా బడికి కూడా ఒక బ్లాగు కావాలట. ఆదివారం రాగలవా బాబూ?" అని తియ్యగా పిలిచింది. అరవై బడుల పేరు వింటే శుభేందు రాకుండా ఉంటాడా? ఇస్త్రీ చొక్కాతో పది గంటలకే గురుమా బడి దగ్గర దిగాడు. ఇతిశ్రీ, టుకు అప్పటికే అక్కడున్నారు. గురుమా అతనికి ఛెనాపోడ, ఆ కాల్చిన పన్నీరు మిఠాయి, పెట్టించింది. తన పక్కనే కూర్చోబెట్టుకుని ఫోన్ తీసింది.

"ఉండు బాబూ, ముందు కమ్మల బేరం ఒకటి చూసుకుంటా" అని రజతరేఖ నంబరు కొట్టి, గదంతా వినిపించేలా పెట్టింది.

"నమస్కారమండీ, రజతరేఖ" అందొక ఆడగొంతు.

"మేఘచంపా కమ్మలున్నాయా అమ్మా?"

"రెండు జతలే మిగిలాయి. మా ముత్తవ్వ చేసినవి. తొమ్మిది పోగులు."

"ఎవరమ్మా మీ ముత్తవ్వ?"

అటువైపు తడబాటు. "అది... మా బ్లాగు చూసే శుభేందు బాబుని అడిగి చెప్తానండీ. రాసేది ఆయనే."

ఛెనాపోడ ముక్క శుభేందు నోటి దగ్గర ఆగిపోయింది. గురుమా ఫోన్ కట్టేసి అతని వైపు తిరిగింది. అతను ముక్క పళ్లెంలో పెట్టి, చేతులు తుడుచుకున్నాడు. భయపడినట్టు లేడు. అదే ఇతిశ్రీకి వింతగా తోచింది.

"అపా, ఇందులో తప్పేముంది? మీరూ నాకు కస్టమరే, వాళ్లూ కస్టమరే. పైన ఒక్కళ్లకే చోటు. ఎవరు ఎక్కువిస్తే వాళ్లని కూర్చోబెట్టాను. మీకు మీ పేరు కొడితే మీరే రావాలి. వస్తున్నారు కదా!"

"టుకు మీదికి ఎందుకు తోశావు?" అంది ఇతిశ్రీ.

"నేను పేరు చెప్పానా? మీ మనసులో ఉన్నదే పైకి అన్నాను." అతను గొంతు తగ్గించాడు. "గొడవెందుకు? ఈ పూటే ఆ వాక్యం తీసేస్తా. వారంలో మళ్లీ మీరే పైన. ఉత్సవాల బేరాలు మీకే. గురుమాకి మాత్రం పొరపాటు జరిగిందని చెప్పండి, చాలు. కాదంటారా, చిరునామా నాది. సాయంత్రానికి తెల్ల కాగితం చేసేస్తా. ఐదేళ్ల రాతలు. కొత్తగా మొదలుపెడితే పైకి రావడానికి ఆరు నెలలు. అప్పటికి చలికాలం ఎటు పోతుందో మీకే తెలుసు."

గురుమా ఇతిశ్రీనే చూస్తోంది. సాయం చేసే చూపు కాదు, తూచే చూపు.

పొరపాటని ఒక్క మాట అంటే చాలు. కొట్టు నిలబడుతుంది. ఆ తర్వాత ప్రతి నెలా మొదటి తారీఖున ఇదే మనిషి అపా అంటూ గుమ్మంలోకొస్తాడు. ఆకుపచ్చ బాణాలు చూపిస్తాడు. ఏ పేజీ వెనక ఏం రాశాడో అని తను రోజూ తడుముకోవాలి.

"గురుమా" అంది ఇతిశ్రీ. "మీరడిగిన దొంగ ఇతనే. చెరిపేస్తే చెరిపేయనీండి."

శుభేందు లేచి, చొక్కా సర్దుకుని, అందరికీ నమస్కారం పెట్టి మరీ వెళ్లాడు. మెట్లు దిగుతూనే ఎవరితోనో ఫోన్లో మాట్లాడటం కిటికీలోంచి వినిపించింది. పన్నెండున్నరకి నటబర తారకసి బ్లాగు తెరిస్తే తెల్ల పేజీ వచ్చింది.

"మీ పేరు నా జాబితాలో ఉంటుంది" అంది గురుమా. "కానీ పాత చిరునామా అక్కడ ఉండటానికి వీల్లేదు. పిల్లలు నొక్కితే మళ్లీ ఎక్కడికి తీసుకుపోతాడో ఆ మహానుభావుడు. సాయంత్రంలోగా కొత్తది ఇవ్వు. అరవై బడులకీ నేనే చెప్పి మార్పిస్తా. ఆరు నెలలంటాడా? చూద్దాం ఎన్ని నెలలో."

బడి వరండాలోనే కూర్చున్నారు వదినా మరిదీ. లోపల పిల్లల అడుగులకి మద్దెల వాయిస్తున్నారు. టుకు తన కంప్యూటర్ తెరిచి, కొత్త చిరునామా కొని, ఇతిశ్రీ పేరున రాయించాడు. రాతల నకళ్లన్నీ ఫొటోలతో సహా వాడి దగ్గర భద్రంగా ఉన్నాయి. ఆమె వాడిని అనుమానించి పాస్‌వర్డ్ మార్చకముందు దాచినవి.

"ఇక పాస్‌వర్డ్ పెట్టాలి" అని కంప్యూటర్ ఆమె ఒళ్లోకి జరిపాడు.

ఆమె మీటల మీద వేళ్లు ఆనించింది. ఇద్దరికీ తెలిసే పదమేదైనా పెడదాం అని నోటిదాకా వచ్చింది. అంతలోనే, తను అడగకుండానే, టుకు తల పక్కకి తిప్పేసుకున్నాడు. వీధిలో పోయే ఆటోలని శ్రద్ధగా చూస్తున్నాడు.

చూడరా, పర్లేదు అనాలనుకుంది. అనలేదు. వాడటు తిరిగి ఉండగానే, తనకొక్కదానికే తెలిసిన పదం గబగబా కొట్టేసింది.