మర్యాద తెలిసిన అస్వాంగ్

మనీలా సినిమాల్లో డెల్ఫా ఇన్నేళ్ళుగా వేసినవన్నీ గుంపులో గోవిందా వేషాలే. ఏ ఊరని ఎవరడిగినా పక్కనున్న ఇలోయిలో పేరు చెప్పేది. నిజం చెప్పి కాపిస్ అంటే చాలు, "అమ్మో, అస్వాంగ్‌ల ఊరా! రాత్రిళ్ళు రెక్కలు మొలుస్తాయా నీకు?" అని ఎవడో ఒకడు ఇకిలిస్తాడు. పగలు మనిషిలా తిరిగి, రాత్రి మనుషుల్ని పీక్కుతినే ఆ పిశాచి ఈ దేశంలో ఇంకెక్కడా పుట్టనట్టు! మొదటిసారి ఓడ ఎక్కించేటప్పుడు ఆ అబద్ధం నేర్పింది తల్లి కన్సింగే.

చివరికి డెల్ఫాకి పెద్ద వేషం వచ్చింది. అదీ అస్వాంగ్ వేషం, షూటింగేమో సొంతూళ్ళోనే. చేపల బజారులో బుట్ట ముందు కూర్చున్న కన్సింగ్ భగ్గుమంది.

"మన ఊరికే తెచ్చి, మన పిల్లనే పిశాచిని చేస్తారా? ఆ సినిమా ఆడే హాలు గడప తొక్కను పో!"

డైరెక్టరు ఆర్నుల్ఫో మనీలావాడు. దొరల సినిమాలు చూసి చూసి, అస్వాంగ్‌కి నల్ల అంగీ, మూరెడు కోరలు తగిలించాడు. ఆ కోరలతో డెల్ఫా నోరు మూతపడదు, మాట పెగలదు. షాట్లన్నీ పాడవుతున్నాయి.

"ఇంకొక్కసారి చెడగొట్టావంటే వేరే అమ్మాయిని పిలిపిస్తా," అన్నాడు.

కిటికీలకు నల్లగుడ్డలు కట్టి పట్టపగలే చీకటి చేశారు. అవ్వ వేషంలో బేరింగ్ అనే ముసలినటి చాప మీద కూర్చుంది. డెల్ఫా లోపలికొచ్చి ఆమె గొంతు మీదికి దూకాలి. వచ్చింది. నెరిసిన తల కనబడగానే నడుం దానంతటదే వంగింది. పెద్దవాళ్ళకి దణ్ణం పెట్టే పద్ధతిలో అవ్వ చెయ్యి అందుకుని నుదుటికి ఆనించుకుంది.

"దేవుడు చల్లగా చూడాలి తల్లీ!" అనేసింది బేరింగ్, ఆవిడా అలవాటు కొద్దీ.

లైట్లవాళ్ళు పొట్టలు పట్టుకున్నారు. ఆర్నుల్ఫో కుర్చీలోంచి లేచాడు.

"నువ్వు అస్వాంగ్‌వా, పెళ్ళికొచ్చిన చుట్టానివా?"

వేషం పోయినట్టే అనుకుంది డెల్ఫా. ఎలాగూ పోయేదానికి భయమెందుకని కోరలు ఊడబీకి చేతిలో పెట్టుకుంది.

"మా అస్వాంగ్‌కి కోరలుండవు సార్. పక్కింట్లోనే ఉంటుంది, బియ్యం బదులడుగుతుంది. పెద్దవాళ్ళ చెయ్యి అందుకోకుండా గడప దాటిందనుకోండి, ఇది మనిషి కాదని ఏ అవ్వయినా ఇట్టే పట్టేస్తుంది. అందుకే అందుకుంటుంది. అందుకున్నాక వదలదు. మా భయమల్లా అదే."

"మా ఏమిటి? మీది ఇలోయిలో కదా?"

"కాదు సార్. కాపిస్."

మనీలావాడి మొహం మీద ఆ మాట అనడం అదే మొదలు. అన్నాక గుండెల మీంచి బండ దిగినట్టయింది.

ఆర్నుల్ఫో కాసేపు తన అరచెయ్యి వంక చూసుకున్నాడు. ఆయన్ని పెంచిందీ ఓ అవ్వే కాబోలు.

"ఆ కోరలు పెట్టెలో పెట్టండి. మళ్ళీ తీద్దాం. చెయ్యి మాత్రం వదలకు," అన్నాడు.

సినిమా మొదటి ఆట కాపిస్‌లోనే వేశారు. హాలు కిటకిటలాడింది. తెర మీద అస్వాంగ్ వినయంగా వంగింది, అవ్వ చల్లగా దీవించింది. అస్వాంగ్ తల ఎత్తలేదు, పట్టు సడలించలేదు.

"చెయ్యి లాక్కో వదినా!" అని ముందు వరసలో ఓ ముసలమ్మ అరిచింది. హాలు హాలంతా కెవ్వుమంది.

ఆ కేకల మధ్య వెనక వరసలో, తలగుడ్డ మొహం మీదికి లాక్కుని కూర్చున్న ఒకావిడ లేచి నిలబడింది. తలగుడ్డ జారిపోయినా పట్టించుకోలేదు.

"అది నా కూతురు! ఆ అస్వాంగ్ నా కడుపున పుట్టిందే! మా కాపిస్ పిల్ల!"

డెల్ఫా జనాన్ని తోసుకుంటూ వెళ్ళి తల్లి చేతికోసం వంగింది. కన్సింగ్ చెయ్యి వెనక్కి దాచుకుంది.

"ఆగు. ముందు పళ్ళు చూపించు."

డెల్ఫా ఏడుస్తూనే పళ్ళన్నీ కనబడేలా నవ్వింది. కన్సింగ్ వాటిని ఎగాదిగా చూసి, చేపల వాసన వదలని ఆ చెయ్యి ముందుకు చాచింది.