వెలుగు పెట్టె మీది నల్లగుడ్డ

నేను ఒక నల్లగుడ్డను. మందపాటి నూలుగుడ్డను. మిల్లులో నాకు రంగు వేసినవాడెవడో గాని పని గట్టిగా చేశాడు, నన్ను దాటి ఎండ కూడా లోపలికి రాలేదు. ఆ ఒక్క గుణమే నా కొంప ముంచింది. మొదట విజయనగరంలో కూర్మయ్య అనే ఫొటోగ్రాఫరు నన్ను కొని, తల మీద కప్పుకుని కెమెరాలోకి చూసేవాడు. ఎదురుగా పెళ్లికూతుళ్ల నవ్వులన్నీ ఆయనకు, ఆయన తలకు రాసుకున్న కొబ్బరినూనె నాకు. స్టూడియో మూతపడ్డాక ఆయన మేనకోడలు గౌరీశ్వరి నన్ను విశాఖలో తాను పరిశోధన చేసే ప్రయోగశాలకు తీసుకెళ్లింది.

అక్కడ వెలుగును కొలిచే పెట్టె ఒకటుంది. దాని మూత విరిగి ఏళ్లయింది. కొత్త మూత కోసం పెట్టిన అర్జీ ఏ బల్ల మీద నిద్రపోతోందో ఎవరికీ తెలియదు. అంత ఖరీదైన యంత్రానికి చివరికి నేనే మూతనయ్యాను.

గౌరీశ్వరి తోటకూర ఆకుల్లోంచి ఒక ప్రోటీన్ తీసేది. ఒకరోజు వాళ్లమ్మ ఎర్నమ్మ వచ్చి ఏం చేస్తున్నావని అడిగితే ఓపిగ్గా చెప్పింది. ఆ ప్రోటీన్‌లో రంగు అణువులు దగ్గరదగ్గరగా కుదురుకుని ఉంటాయట. పసుపు అణువు మీద వెలుగు పడితే ఆ శక్తిని పక్కనున్న పచ్చ అణువుకు అందించేస్తుంది. అణువు చోటు మారదు, మధ్యలో వెలుగూ కనిపించదు. నీళ్ల ట్యాంకరు దగ్గర వరసగా నిలబడి బిందెలు అందించుకున్నట్టే. ఎవరెక్కడ, ఎటు తిరిగి నిలబడాలో ప్రోటీన్ చూసుకుంటుంది. చివరి అణువు ఎర్రగా వెలిగితే శక్తి అందినట్టు, దారిలో ఒలికితే వేరే రంగు బయటపడుతుంది.

ఎర్నమ్మకు ట్యాంకరు సంగతి పూర్తిగా అర్థమైంది. మిగతాది వదిలేసి నన్ను వాసన చూసింది.

"ఇంత సదివి ఈ మురికిగుడ్డేటే?" అని ఇంటికి పట్టుకుపోయి, బట్టలకు మెరుపునిచ్చే పొడి వేసి శుభ్రంగా ఉతికి పంపింది.

ఆ రోజు నుంచి మొదలైంది నా ఖర్మ. పెట్టెలో ఊదారంగు వెలుగు వేస్తే తెర మీద ఎర్రగీత ఒక్కటే లేవాలి. దాని పక్కన నీలం వైపు ఇంకో గుట్ట లేచింది. శక్తి అందడం లేదు, ఒలికిపోతోందని గౌరీశ్వరి బెంబేలెత్తింది. అయ్యో పిచ్చిదానా, ఒలికేది నీ ప్రోటీన్ కాదు! ఆ పొడిలోని మెరుపుమందు నా పోగులకు అంటుకుంది. ఊదా వెలుగు తగలగానే కంటికి ఆననంత సన్నగా వెలుగుతున్నది నేను.

కొత్త ఆకులు తెచ్చింది. ద్రావణాలు మార్చింది. కూరగాయలవాణ్ణి తిట్టింది. నన్ను మాత్రం ఒక్కనాడూ అనుమానించలేదు. ముందుగా ఖాళీ గాజుగొట్టం పెట్టి కొలిచి, ఆ లెక్క తీసేయాలన్నది అక్కడి పద్ధతి. ఆ కొలత ఆమె, వాళ్లమ్మ నన్ను ఉతకకముందే తీసుకుని, ఇప్పటికీ దాన్నే వాడుతోంది. ఒక్కసారి మళ్లీ ఖాళీగా పెట్టి చూడవే తల్లీ అని ఎంత గింజుకున్నానో! గుడ్డకు గొంతెక్కడిది?

ఆమె పరిశోధనకు దారి చూపే ప్రొఫెసరు జగ్గారావు గారు కూడా విసిగిపోయారు.

"ప్రోటీన్ తీసేటప్పుడే పాడుచేస్తున్నావమ్మా. ఈ నెలాఖరుకి తేలకపోతే వేరే విషయం తీసుకో," అన్నారు.

అంటే ఇన్నేళ్ల చదువూ గంగలో కలిసినట్టే. గౌరీశ్వరి మిగిలిన ఆఖరి ద్రావణాన్ని పెట్టెలో పెట్టబోతుంటే చెయ్యి జారి గాజుగొట్టం నేల మీద పడి భళ్లున పగిలింది. ఆ కంగారులో, అలవాటుగా, ఖాళీ పెట్టె మీదే నన్ను కప్పి మీట నొక్కేసింది. తర్వాత కూలబడి ఏడ్చింది.

యంత్రానికి ఏడుపు తెలియదు, దాని పాటికి అది గీత గీసుకుంటూ పోయింది. ఎర్రగీత లేదు. నీలం గుట్ట మాత్రం ఉంది.

గౌరీశ్వరి ఏడుపు ఆపింది. నన్ను లాగేసి ఒక అట్టపెట్టె బోర్లించింది. గుట్ట మాయమైంది. మళ్లీ నన్ను కప్పితే మళ్లీ లేచింది. నన్ను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. సబ్బుపొడి వాసన ఇంకా పోలేదు.

నాలుగు రోజుల్లో కొత్త ద్రావణంతో ఎర్రగీత ఒంటరిగా, నిటారుగా లేచింది. తనకు ముందే అనుమానం ఉందన్నారు జగ్గారావు గారు. అట్టపెట్టెకు నా ఉద్యోగం ఇచ్చారు, నన్ను నేల తుడవడానికి పడేశారు. జీవితమంతా ఇతరుల వెలుగు చెడకుండా కాపలా కాశాను. ఒక్కసారి నేనూ వెలిగితే ఎవరికీ నచ్చలేదు.

ఆ సాయంత్రం ఎర్నమ్మ ఫోన్ చేసింది.

"నానుతికిన గుడ్డ పనికొచ్చిందేటే?"



"చాలా పనికొచ్చిందమ్మా," అంది గౌరీశ్వరి, నన్ను కాలితో సింకు కిందకు తోస్తూ.