మూడు డిస్కులకీ ఒకే సంఖ్య

మూడో డిస్కు కూడా రెండు జీబీ అనే చూపించింది. అట్టపెట్టె మీద మాత్రం ఆరు పైచిలుకు అని ఉంది.

"ఏటమ్మా భాగ్యం, ఇదీ అంతేనా?" అన్నారు గురునాథరావు మావయ్య. ఉక్కు ప్లాంటులో ముప్ఫయ్యేళ్లు మీటర్లు బాగుచేసి రిటైరయ్యాక ఖుర్సీపార్‌లో, నేను పనిచేసే ఈ కంప్యూటర్ షాపు పెట్టారు. ప్లాంటు అలవాటుకి ఇక్కడా ఒక లాగ్‌బుక్కు నడుపుతారు. పని ఎక్కడ ఆగినా కారణం, కారకుడి పేరు రాసి ఆయన సంతకం చేస్తారు. రాసింది కొట్టేయడం ఉండదు. "డిస్కు చెడ్డది - నూకరాజు" అని అప్పటికి రెండుసార్లుంది. మూడోసారీ రాసేశారు.

నూకరాజు రాయ్‌పూర్ డీలరు మనిషి. డిస్కుని తువ్వాల్లో చుట్టి, ఒళ్లో పెట్టుకుని బస్సులో తెస్తాడు. ఇవాళా తెచ్చి పక్కనే నించున్నాడు.

"ఆ పేజీ జిరాక్సు తెమ్మన్నాడు మా సేఠ్. మూడోదీ పోతే, నేనే పడేశానని రాసుకుని పనిలోంచి తీసేస్తాడంట దీదీ."

"పడేయకపోతే దాన్తో బస్సులో డాన్సు చేయించావేటి?" అన్నారు మావయ్య.

"నా కొడుకు కూడా నా ఒళ్లో అంత బుద్ధిగా కూకోలేదు బాబూ."

నవ్వొచ్చింది గానీ నవ్వే ఓపిక లేదు. పది రోజులుగా అదే తెర. కుమ్హారిలో ఎక్స్‌రే సెంటరు బొమ్మలు దాచడానికి ఈ మెషీను. దాన్ని లోపల నడిపే కెర్నెల్ ఊరికే దొరికిందే. డిస్కులు తగిలించే మా కార్డుకి సరిపడేలా కొంత నేను మార్చాను.

మావయ్య భోజనానికి వెళ్లారు. నేను నా కాగితాలు ముందేసుకున్నాను. మెషీను లేచినప్పుడల్లా తెర మీద వచ్చినవి రాసిపెట్టుకుంటాను. మూడు డిస్కులకీ బైట్లలో వచ్చిన పదంకెల సంఖ్య, చివరి అంకె దాకా ఒకటే. కిందపడిన మూడు వస్తువులు అచ్చం ఒకేలా పాడవుతాయా?

ప్రోగ్రాము తెరిచి వరుసవరుసా చదివాను. డిస్కులో ఎన్ని గడులున్నాయో వాటిని గడికి ఐదువందల పన్నెండు బైట్ల చొప్పున హెచ్చవేసే చోట ఆగిపోయాను. జవాబుకి ఇచ్చిన చోటు నాలుగు జీబీల పైన కొంచెం దాకానే పడుతుంది. దాటితే స్కూటరు మీటరులా మళ్లీ సున్నా నుంచి మొదలు. పాత నాలుగు జీబీ డిస్కుని సరిగ్గా చూపించింది కదా అని ఇన్నాళ్లూ అటు చూడలేదు.

ఆ వరుస వేసవిలో నేను రాసిందే.

చోటు పెంచి, కెర్నెల్ మళ్లీ తయారవడానికి పెట్టాను. గంటన్నర పట్టింది. నూకరాజు గోడకి ఆనుకుని నిద్రపోయాడు. ప్లాంటు రెండు గంటల సైరన్‌కి కూడా కదల్లేదు.

మావయ్య వచ్చేసరికి తెర మీద ఆరు జీబీ పైచిలుకు ఉంది.

"హమ్మయ్య! ఇంక ఊరుకో. డిస్కే సర్దుకుందని చెప్పేద్దాం. నీ పేరెందుకు?"

"మరి పుస్తకంలో నూకరాజు పేరుంది కదా మావయ్యా."

మూడో ఎంట్రీ కింద రాశాను: "మూడు డిస్కులూ మంచివే. లెక్క వేసిన వరుస తప్పు - భాగ్యరేఖ." పుస్తకం ఆయన వైపు తిప్పాను. పైన మూడు చోట్లా తన సంతకాలే చూసుకున్నారు. తర్వాత కళ్లజోడు పెట్టుకుని నాలుగోది చేశారు.

"లెగరా నూకరాజూ. జిరాక్సు తీయించుకో."

అతను ఆ కాగితం నాచేత రెండుసార్లు చదివించుకున్నాడు. డిస్కు తెచ్చిన తువ్వాల్లోనే దాన్ని చుట్టుకుని బస్సుకి వెళ్లాడు.