బురుల్ లెక్కలోకి నడిచొచ్చిన ఆవు

రాజధాని బిష్కెక్‌లో తెల్లారి సర్కారు ఆఫీసు తలుపులు తెరిచారంటే, మూడో అంతస్తులో బురుల్ టీ నీళ్ళు కాచే సమోవర్ వెలిగించాల్సిందే. అలాంటిలాంటి సమోవర్ కాదది, పెళ్ళివారి విడిదికి చాలినంత! ఎందుకంటే ఆమె కంప్యూటర్‌లో లెక్క నడిపిన ప్రతిసారీ, ఆ లెక్కలో ఉన్న కుటుంబాలు మెట్లెక్కి వచ్చి వరండాలో బల్లల మీద కూర్చుంటాయి. అంత దూరం నుంచి వచ్చినవాళ్ళకి టీ పొయ్యకపోతే ఏం మర్యాద?

బురుల్ పని అది. సర్వేవాళ్ళు ఊరూరా తిరిగి తెచ్చిన కుటుంబాలన్నిటినీ కంప్యూటర్‌లో కాపురం పెట్టించింది. ఈ పన్ను పెంచితే ఎవరి జేబు చిరుగుతుంది, ఆ భత్యం ఇస్తే ఎవరి పొయ్యి వెలుగుతుంది అన్నది చట్టం చెయ్యకముందే ఆమె కట్టిన లెక్కల నమూనా చెప్పేస్తుంది. ఒక్కో కుటుంబం తనలాంటి కొన్ని వందల కుటుంబాల తరఫున వస్తుంది గనక, వాళ్ళు కూర్చున్నప్పుడు నేల మూలిగేది. కింది అంతస్తువాళ్ళు తలెత్తి కూడా చూడరు. "బురులక్క లెక్క నడిపినట్టుంది" అని, రాలిన సున్నం దులుపుకుంటారు.

ఇక ఆమె బుర్ర సంగతి చెప్పాలా! పింఛను సూత్రంలో తప్పు ఎక్కడ దాక్కుందో వాసన పట్టి చెప్పేది. విమానాలెక్కి వచ్చిన మహామహా పండితులు తలలు పట్టుకున్న చిక్కుని, రొట్టె మీద జామ్ రాసుకుంటూ విప్పి పడేసింది. జామ్ చుక్క కింద పడలేదు. ఆమె పన్ను శాతాలు సవరిస్తుంటే ఎదురుగా కొండల మీది మంచు కరగడం మానేసి తొంగి చూస్తుందని ఆఫీసంతా ఒట్టేసి చెబుతుంది.

ఆ రోజు ఉపమంత్రి తెమిర్కాన్ ఉరుకులు పరుగుల మీద వచ్చాడు. ఒకప్పుడు ఆమె దగ్గరే పని నేర్చుకున్నవాడు.

"బురులక్కా, కొత్త నియమం నడిపావా? మధ్యాహ్నం మంత్రివర్గం ముందు పెట్టాలి. ఆవున్న ఇల్లు పేద ఇల్లు కాదు, దానికి పిల్లల భత్యం అక్కర్లేదు. అంతే కదా!"

"నడిపాను తమ్ముడూ. ఖజానాకి బోలెడు మిగులు. పేదరికం కూడా పెద్దగా పెరగలేదు."

"మరింకేం? సంతకం పెట్టు."

"ఉండవయ్యా. వచ్చినవాళ్ళకి టీ అన్నా పొయ్యనీ."

వరండాలో నారిన్ కొండల నుంచి వచ్చిన పశువుల కాపరుల కుటుంబాలు కిక్కిరిసి ఉన్నాయి. ముందు బల్ల మీద కాలిపా. భర్త పోయినప్పటి నుంచి ఒక్క ఆవుని నమ్ముకుని ముగ్గురు పిల్లల్ని పెంచుకొస్తున్న మనిషి. ఎప్పుడొచ్చినా కొంగులో ఎండు పెరుగుండలు మూటగట్టి తెచ్చేది. ఇవాళ చేతిలో వట్టి పలుపుతాడు.

"ఆవేదే?" అంది బురుల్.

"అమ్మేశానక్కా."

"బంగారంలాంటి ఆవు! అమ్మడానికి చేతులెలా వచ్చాయే?"

"బాగుంది నీ వరస! ఆవుంటే భత్యం రాదన్నది నువ్వే కదా. ఇప్పుడు ఆవు లేదు. భత్యం ఇవ్వు."

పక్కనున్న ముసలాయన పళ్ళు లేని నోటితో నవ్వాడు. "మా ఊరు ఊరంతా అమ్మేశామమ్మా. అందరం ఒక్కసారే సంతకి తోలేసరికి ఆవు మేక ధరకి పోయింది. మేక సంగతి అడక్కు."

కాలిపా చిన్నకూతురు గ్లాసులోకి తొంగి చూసింది. "అమ్మా, ఇందులో పాలు లేవు" అంది.

బురుల్ చేతిలో టీ కెటిల్ ఆగిపోయింది. అప్పుడు తట్టింది ఆమెకి. ఆమె నమూనాలో, సర్వే నాడు ఎవరి పాకలో ఏముందో, నియమం మారాక కూడా అదే ఉంటుంది. ఆవు కొయ్యకి కట్టేసినట్టు కదలకుండా నిలబడుతుంది. ఈ విద్యలో ఎంత కొమ్ములు తిరిగినవాళ్ళయినా పడే గొయ్యి అది.

"ఆవులు అమ్మేస్తే భత్యం అందరికీ ఇవ్వాల్సిందే తెమిర్కాన్. మిగులూ ఉండదు, పాలూ ఉండవు."

"అక్కా, వీళ్ళు నిజంగా అమ్మలేదు కదా. ఇది లెక్కే కదా!"

"నిజంగా అమ్మాక చెప్పడానికి నేనెందుకు? కసాయివాడు చాలు."

"భోజనాల వేళ అవుతోంది. ఇప్పుడు నమూనా మార్చడం నీ వల్లేమవుతుంది?"

నీ వల్లేమవుతుంది! ఆ మాట అనకుండా ఉండాల్సింది. బురుల్ కుర్చీ లాక్కుంది. ఆ వేళ్ళ జోరుకి గాలి పుట్టి కిటికీ తెరలు ఎగిరాయి, వీధి అవతల ఆరేసిన దుప్పట్లు ఆరిపోయాయి. మనిషి ఆవుని అమ్ముకోగలడన్న సంగతి నమూనాకి నేర్పింది. మొదటి ఆవు లెక్కలోకి రాకూడదని రాసింది. ఆపైన ఎన్ని ఉంటే భత్యం అంత కొంచెం కొంచెంగా తగ్గాలే తప్ప, కత్తితో కోసినట్టు తెగిపోకూడదని రాసింది. మీట నొక్కింది.

మెట్ల మీద గిట్టల చప్పుడు.

కొత్త లెక్కలో మళ్ళీ వస్తున్నారు. ముందు కాలిపా, వెనక ఎర్రావు, దాని వెనక పిల్లలు. గేటు దగ్గరి కాపలా ముసలాయన ఆవుకి కూడా పాస్ రాసిచ్చాడు, రూలు రూలే గనక. ఉపమంత్రి గోడకి బల్లిలా అతుక్కున్నాడు. ఆవు తాపీగా ఆయన్ని దాటుకుని వరండాలోకి వెళ్ళింది. కాలిపా ఆయన చేతిలో ఒక పెరుగుండ పెట్టింది. తిన్నాడు.

"మిగులెంత అక్కా?"

"నువ్వు అనుకున్నదాంట్లో సగం కూడా లేదు. కానీ ఉన్నది నిలుస్తుంది."

"మంత్రివర్గంలో నన్ను నమిలేస్తారు."

"నమలనీ. నీ వెనక ఇంతమంది ఉన్నారు."

తెమిర్కాన్ పాత ప్రతిపాదన నాలుగు ముక్కలు చేసి, కొత్తది పట్టుకుని వెళ్ళాడు. సాయంత్రం దాకా ఆయన వాదిస్తుంటే సభలో నేల మూలిగిందట. గొంతు పోయింది కానీ మాట నెగ్గింది.

ఆ ఆదివారం నారిన్ పశువుల సంతలో అసలు కాలిపా నిలబడి ఉంది. లెక్కలో వచ్చే కాలిపా కాదు, ఏనాడో సర్వేవాళ్ళకి జవాబులు చెప్పి మర్చిపోయిన కాలిపా. బిష్కెక్ ముఖం ఎరగదు. ఆవుంటే భత్యం ఎగిరిపోతుందన్న పుకారు కొండలెక్కి ఆమె దాకా వచ్చింది. మధ్యవర్తి ఆమె చేతిని బేరగాడి చేతిలో పెట్టి, రెండూ కలిపి ఊపుతున్నాడు. ఆ ఊపులో ఆమె ఊ అందంటే ఆవు చెయ్యి మారినట్టే.

"ఊ అనమ్మా, ఊ అను! ఇంతకంటే ధర అల్లా కూడా ఇవ్వడు!"

పక్క టీ కొట్టు రేడియోలో వార్తలు వస్తున్నాయి. పిల్లల భత్యానికి మొదటి ఆవు లెక్కలోకి రాదని ఎవరో చదువుతున్నారు. కాలిపా మెడ తిప్పి విన్నది. మళ్ళీ ఒకసారి చదువుతారేమోనని ఆగింది. చదవలేదు. ఆమెకి ఒక్కసారి చాలింది.

ఊగుతున్న చేతుల్లోంచి తన చెయ్యి లాక్కుంది.

"అదేమిటమ్మా! ఎక్కడికి?" అని అరిచాడు మధ్యవర్తి.

"ఇంటికి. పాలు పితికే వేళవుతోంది" అంది కాలిపా.