ఎనిమిది పాదాల తర్వాత

జపాన్‌తో యుద్ధం రోజుల్లో, చైనాలోని కున్మింగ్‌లో మా మేడగది అద్దెకి తీసుకున్నాడు షన్తూ మాస్టారు. ఉత్తరాది మనిషి, కాలేజీలో జర్మన్ చెప్పేవాడు. ఆయన రాసే కవితలన్నీ పద్నాలుగు పాదాలు, పడమటి దేశాల పద్ధతి. వాళ్ళ నాన్నేమో పాతకాలం పండితుడు, ఎనిమిది పాదాలకి కవిత అయిపోవాలనే మనిషి. "మిగతా ఆరూ తోక అని చింపేశారు చెల్లీ. ఒక్కసారి బాగుందంటారేమోనని చూశాను, ఈలోగా పోయారు" అనేవాడు నాతో. ఆ ఒక్క మాట కోసమే ఇంకా రాసేవాడు.

మా ఇళ్ళల్లో అక్షరమున్న కాగితం తొక్కకూడదు. దాన్ని కాల్చడానికి పెరట్లో ఇటుకల పొయ్యి ఉంటుంది. పోయినవాళ్ళకి పంపే కాగితాలు వేరే కుండలో కాలుస్తాం. ఏడో నెలలో, పోయిన పెద్దలు ఇళ్ళకొచ్చే రోజుల్లో, మాస్టారి గది ఊడుస్తుంటే మా అత్తకి ఓ కాగితం దొరికింది. చదువు రాదుగా, వరసలు లెక్కపెట్టింది. ఎనిమిది. కవిత అయిపోయింది, పారేసిన కాగితమే అనుకుంది. వానకి పొయ్యి తడిసిందని పోయినవాళ్ళ కుండలోనే వేసి కాల్చేసింది.

మర్నాడు మాస్టారు కిందికొచ్చాడు. చేతిలో తన బల్ల మీద దొరికిన కాగితం, కుంచెతో రాసిన ఐదు పాదాలు. ఆయన దగ్గర కుంచే లేదు.

"నాన్న చేతిరాత, పెద్దమ్మా," అన్నాడు మా అత్తతో. " తోక అన్న మనిషే నా కవితని ముందుకి నడిపించారు! చివరి పాదం నాకొదిలేశారు."

"రాయకు నాయనా. పెద్దలొస్తారు, తింటారు, పోతారు. కబుర్లు పెట్టుకుంటే పోరు."

"మీకేం, మీ మామగారు మిమ్మల్ని మెచ్చుకునే పోయారు."

"ఎవరు, ఆయనా? ఉప్పెక్కువని సూప్ గిన్నె విసిరాడు. నేను మళ్ళీ పిలిచానా?"

మాస్టారు నవ్వాడు గానీ వినలేదు. "లోపలికి రండి నాన్నా, దీపం వెలిగే ఉంది" అని పద్నాలుగో పాదం రాసి, మాకు చదివి వినిపించాడు. మొత్తం కవితకి ఇంకో ప్రతి తీసి కుండలో వేశాడు. పొగ పైకి లేవలేదు. నేలబారుగా పాకి మెట్లెక్కింది.

సాయంత్రం భోజనాలకి పిలిస్తే మెల్లగా, గోడ పట్టుకుని దిగాడు. తిన్నగా పెద్దవాళ్ళ కుర్చీలో కూర్చున్నాడు. మా అత్తకి ఆయన వయసు కొడుకులున్నారు. ఆమెకేసి చూసి, "అమ్మాయ్, కాస్త టీ పొయ్యి" అన్నాడు.

అత్త రెండు చేతులా కప్పు అందించింది, పెద్దలకి అందించినట్టు.

ఆ పద్నాలుగు పాదాల కాగితం తీసి కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చదివాడు. "బాగుంది," అన్నాడు, "తోక కాదిది."

తర్వాత గుమ్మం వైపు చూశాడు.

"వాడికీ మాట చెబుదామని వచ్చాను. మా అబ్బాయి ఇంకా రాలేదేం?"