యాంటెన్నాకు తీసిన దిష్టి

తరంగం లోపలికి పోనంటోంది. పంపిన శక్తిలో సగానికి పైగా వెనక్కి తిరిగొస్తోంది, తరంగాన్ని పుట్టించే జనరేటర్ ఠక్కున ఆగిపోతోంది. పొద్దుటి నుంచీ ఇదే వరస. హొమైరా కంట్రోల్ గదిలో కుదురుగా కూర్చోలేదు, నిలబడనూ లేదు. చక్కెర ముక్క పంటి కింద పెట్టుకుని టీ తాగడం మరిచిపోయింది.

గోడకవతల ఉక్కు గూట్లో ప్లాస్మా లక్షల డిగ్రీల్లో మండుతోంది. అది చాలదు, ఇంకా వేడెక్కాలి. అయస్కాంతాల నడుమ అయాన్లు గిరగిరా తిరిగే వేగానికి సరిగ్గా కుదిరే రేడియో తరంగం పంపితే, అవి దాన్ని మింగి వేడెక్కుతాయి. ఆ తరంగాన్ని పంపే యాంటెన్నా హొమైరాది. ఏళ్ల తరబడి ఆమె ప్రాణం తోడేసింది. ఈ సాయంత్రానికి పని చెయ్యకపోతే యంత్రం వేరే జట్టుకి పోతుంది, యాంటెన్నా సామాన్ల గదికి పోతుంది.

"కార్బన్!" డాక్టర్ కియాన్‌ఫర్ తెర మీద కార్బన్ పాలు చూపే గీతను గోటితో పొడిచాడు. ఆ ప్రయోగశాలకి పెద్ద ఆయన. నోరు ఆయనకన్నా పెద్దది. "యాంటెన్నా దగ్గరే పొంగుతోంది. ఈ యావర్ జిడ్డు చేతులతో అతుకులు వేశాడు. అతుకులో దాగిన జిడ్డు ఎన్నాళ్లకీ పోదు. తెరిచెయ్యడమే!"

తెరిస్తే మళ్లీ మూసి, గాలంతా తోడేసరికి వారాలు పడుతుంది. హొమైరా వంతు అయిపోయినట్టే.

గుమ్మం దగ్గర వెల్డర్ యావర్ రెండు చేతులూ చాపాడు. "చూడండి డాక్టరుగారూ, జిడ్డెక్కడుంది? రుద్ది రుద్ది తుడిచాను. ఆ అతుకు మీద అన్నం పెట్టుకు తినొచ్చు."

"రేపట్నుంచి ఇంట్లో కూర్చుని తిందువుగానిలే!"

హొమైరాకు తెలుసు. పొద్దున ఆ గీత మొదటిసారి లేచినప్పుడే తెలుసు.

యంత్రం మూసే రోజు అమ్మ ఎస్ఫంద్ గింజలు పొట్లం కట్టి ఇచ్చింది. కొత్త కారైనా, పుట్టిన బిడ్డైనా, ఆ గింజలు నిప్పుల మీద చిటపటలాడించి పొగ తిప్పనిదే టెహ్రాన్‌లో తల్లులకు మనసు కుదుటపడదు. "నీకు నమ్మకం లేకపోతే మానె, నా తృప్తి కోసం తిప్పవే" అంది. అందరూ భోజనాలకు వెళ్లాక హొమైరా తిప్పింది. యాంటెన్నా మెరుపు చూసి మురిసిపోయి మళ్లీ తిప్పింది. పిచ్చి మొహం! ఇంత చదువూ చదివి ఆ పొగ మసి ఎక్కడ పేరుకుంటుందనుకుంది?

చెబితే పరువు పోతుంది. చెప్పకపోతే యంత్రం తెరుస్తారు. డాక్టర్ ఫోనెత్తాడు.

"ఆగండి! అది అతుకులో జిడ్డు కాదు. పొగ. నేనే ఎస్ఫంద్ తిప్పాను."

"దేనికి?"

"యాంటెన్నాకి."

"ఓరి దేవుడా! దానికి దిష్టా? ఎవరి కళ్లు పడ్డాయమ్మా, నావా?"

గదంతా గొల్లున నవ్వింది. హొమైరా సిగ్గుతో చచ్చిపోయింది, అయినా మాట ఆపలేదు. "పైపైన పల్చటి పొరండీ. తక్కువ శక్తితో తరంగాన్ని విడతలుగా కొట్టుకుంటూ పోతే అదే ఆ పొరని కాల్చేస్తుంది."

"సాయంత్రం దాకా చూస్తా. ఆ తర్వాత దాన్నీ నిన్నూ కలిపి బయట పారేస్తా."

కొట్టడం, ఆగడం, మళ్లీ కొట్టడం. కార్బన్ గీత మొండికేసింది, కాస్త తగ్గింది, మళ్లీ ఎగిసింది. హొమైరా గోళ్లన్నీ కొరికేసింది. ఎండ గోడ దిగుతుండగా పూర్తి శక్తితో కొట్టారు. జనరేటర్ ఆగలేదు. వెనక్కి వచ్చేది దాదాపు లేదు. ప్లాస్మా వేడి చూపే గీత పైకి లేచి అక్కడే నిలబడింది.

డాక్టర్ బల్ల మీద గుద్ది "శభాష్!" అని అరిచాడు. హొమైరా వేడి టీ గ్లాసుతో వర్క్‌షాప్‌కి పరిగెత్తింది. యావర్ చేతి తొడుగులు మడత పెడుతున్నాడు.

"బాబాయ్, పోయింది! లోపలికి పోయింది!"

"సంతోషం అమ్మా." గ్లాసు అందుకున్నాడు. "నీకెప్పుడు తెలిసింది, పొగ సంగతి?"

ఆమె తల దించుకుంది. "పొద్దున్నే."

"ఆయన నన్ను తిడుతున్నప్పుడు పక్కనే ఉన్నావు కదూ?"

యావర్ గ్లాసును తాగకుండానే కిటికీ గట్టు మీద పెట్టి, కోటు తగిలించుకుని బస్సుకి వెళ్లిపోయాడు. కంట్రోల్ గదిలోంచి డాక్టర్ ఆమెను పేరు పెట్టి పిలుస్తున్నాడు, ఫొటో తీసుకుందాం రమ్మని.