ఎడమవైపు జేబులు

ఆ కుట్టుపని షెడ్డులో పంతొమ్మిదేళ్లు సూపర్వైజరుగా చేసిన మనిషిని అందరూ ఈలక్క అనేవాళ్లు. మెడలో ఈల వేసుకుని తిరిగేది మరి! ఒక్క ఈల వేస్తే ఇరవై రెండు మిషన్లూ ఆగాలి, రెండు వేస్తే కదలాలి. గుండీ రంగు మార్చాలన్నా, మంచినీళ్లకి లేవాలన్నా ఆవిడ ఊ అనాల్సిందే. ఆవిడ పైన యజమాని, యజమాని పైన దేవుడు. అంతే.

ఆ యజమాని ఒకరోజు చేతులెత్తేసి షెడ్డు మూసేస్తానన్నాడు. పనివాళ్లంతా ఒక్కటై మిషన్లతో సహా దాన్ని తామే తీసుకున్నారు. ఇకమీదట ఒకరి మీద ఒకరి పెత్తనం వద్దనుకున్నారు. పెట్టుకున్న కట్టుబాటు ఒకటే: తప్పు ఎవరి కంటపడితే వాళ్లే "ఆపండి" అనాలి, ఎవర్నీ అడగక్కర్లేదు. ఈ ముక్క చెప్పింది ఎవరనుకున్నారు? ఈలక్కే! ఈల తీసి చెత్తబుట్టలో పారేసి, గుండీలు దూరే కాజాలు వేసే మిషను ముందు అందరిలాగే బుద్ధిగా కూర్చుంది.

కానీ అలవాటు అంత తేలిగ్గా వదులుతుందా? "అక్కా, ఈ దారం వాడనా?" "అక్కా, టీకి లేవమంటావా?" ఒకటే గోల. "నన్నడగొద్దని ఎన్నిసార్లు మొత్తుకోవాలర్రా!" అని అరిస్తే సరేనని తలూపేవాళ్లు, ఆ తర్వాత నోటితో అడగడం మానేసి ఆవిడ ముఖంలోకి చూడటం మొదలుపెట్టారు. ముఖం చిట్లిస్తే ఆపేయడం, మామూలుగా ఉంటే కానిచ్చేయడం. ఈలక్కకి ఒళ్లు మండిపోయింది. ఇకమీదట నోరు తెరవను, ముఖం కూడా కదపను, చచ్చినా సరే అని ఒట్టు పెట్టుకుంది.

అదే వారం వాళ్లకి మొదటి పెద్ద పని దొరికింది. ఆసుపత్రి వాళ్లకి రెండు వందల తెల్లకోట్లు. రేపు మధ్యాహ్నం పన్నెండింటికల్లా ఇవ్వాలి. నచ్చితే ఏడాది పొడుగునా పని ఇస్తామన్నారు. నచ్చకపోతే షెడ్డు నిలబడదు. అప్పుడు దాన్ని ఎగరేసుకుపోవడానికి పాత యజమాని బావమరిది కాచుకుని ఉన్నాడు. నిన్ననే వచ్చి ఈలక్కని పక్కకి పిలిచాడు.

"మళ్లీ మిమ్మల్నే సూపర్వైజర్ని చేస్తానమ్మా. అదిలించే మనిషి లేకపోతే వీళ్లు పనిచేసే రకం కాదు. రేపు అయిదింటికి వస్తా, అందర్నీ అడిగి ఏ సంగతో చెప్పండి" అన్నాడు.

ఆ కబురు అందరి చెవినా వేసింది గానీ, అదిలించే మనిషి అన్న మాట ఆవిడకి ముల్లులా గుచ్చుకుంది. అదిలింపు లేకుండా వీళ్లు పనిచేయగలరని నిరూపించి తీరాలనుకుంది.

ఇవాళ పొద్దున పదకొండింటికి ఒక కోటు కాజాల కోసం ఆవిడ చేతికొచ్చింది. చూసింది. జేబు ఎడమవైపు ఉంది! ఆసుపత్రి వాళ్లు కుడివైపు పెట్టమని రాసిచ్చిన కాగితం గోడమీద అంటించే ఉంది. కటింగ్ మాస్టరు చెయ్యి ముప్పై ఏళ్లుగా ఎడమవైపే గుర్తు పెట్టడం అలవాటైన చెయ్యి, ఇవాళ కూడా అటే పోయింది. "ఆపండి" అన్న మాట ఈలక్క గొంతుదాకా వచ్చింది. మింగేసింది.

ఎవరో ఒకరు చూస్తారు, చూసి తీరాలి, ఇవాళ నేను చెప్పానంటే బతికినంతకాలం నేనే చెప్పాలి అనుకుని కాజాలు వేస్తూ పోయింది.

గుండీలు కుట్టేది ఈలక్క తోడికోడలే. ఆమె కోటు తిప్పి చూసింది. గోడవంక చూసింది. ఆ తర్వాత ఈలక్క వంక చూసింది. ఈలక్కకి ప్రాణం లేచొచ్చింది. చెప్పవే, చెప్పు తల్లీ అని లోపల్లోపలే బతిమాలింది. తోడికోడలు తల దించుకుని గుండీ కుట్టేసింది. పన్నెండైంది, ఒంటిగంటైంది. కోట్లు గుట్టగా పెరుగుతున్నాయి. ఈలక్క అన్నం కెలికి లేచింది.

రెండింటికి ఇస్త్రీ బాబాయ్ ఒక కోటు ఎత్తి పట్టుకున్నాడు. "ఆపండర్రా! కుడివైపు కదూ జేబు?"

మిషన్లన్నీ ఆగాయి. లెక్కపెడితే ఎనభై నాలుగు కోట్లు. "నాకూ డౌటొచ్చింది" అని ఒకరు, "నేనూ చూశా" అని ఇంకొకరు నీళ్లు నమిలారు.

"చూసినవాళ్లు నోళ్లెందుకు మూసుకున్నారు?" అని ఎగిరాడు బాబాయ్.

కటింగ్ మాస్టరు ముఖం మాడిపోయింది. "గుర్తు తప్పు పెట్టానేమోనని నాకూ తర్వాత అనిపించింది. కానీ పదకొండింటికే అక్క చేతిలోకి వెళ్లింది కదా బాబాయ్! అక్క ఏమీ అనలేదు. ఆసుపత్రి వాళ్లు మాట మార్చుకున్నారేమో, నాకు తెలీకుండానే నేను చేసింది సరిపోయిందేమో అనుకున్నా."

ఈలక్క లేచి నిలబడింది. అబద్ధం చెప్పడం ఆవిడకి చేతకాదు.

"నేను చూశాను. మీలో ఎవరైనా చెబుతారా లేదా అని ఊరుకున్నాను."

తోడికోడలు గుండీల డబ్బా పక్కకి నెట్టి లేచింది. ఇంట్లో ఈలక్క ముందు గట్టిగా దగ్గను కూడా దగ్గని మనిషి!

"అంటే పొద్దుట్నించీ మాకు పరీక్ష పెట్టావన్నమాట. పరీక్షలు పెట్టేది పైవాళ్లే కదక్కా. నువ్వింకా ఆ కుర్చీ దిగలేదు. కంటపడితే ఎవరైనా ఆపండి అనాలన్నావు. ఆ ఎవరైనాలో నువ్వు లేవా?"

తల కొట్టేసినట్టయింది ఈలక్కకి. కోపం వచ్చింది, సిగ్గేసింది, ఆ రెండూ కలిసి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇన్నాళ్లూ నోరు మూసుకోవడమే పెత్తనం వదులుకోవడం అనుకుంది. వదులుకున్నదేమీ లేదు, ఈలతో చేసే పని మౌనంతో చేసింది.

"ఉన్నాను. తప్పు చేశాను" అంది. "ఏడుపులు తర్వాత. బ్లేళ్లు తీయండి... కాదు, ఆగండాగండి. కుట్లు విప్పితే సూది చిల్లులు కనబడతాయి. ఏం చేద్దాం? ఎవరికి తోస్తే వాళ్లు చెప్పండి."

"నీళ్లు చిలకరించి ఆవిరి పట్టిస్తే పూడుకుపోతాయి. ఆ పూచీ నాది" అన్నాడు బాబాయ్. "ఇదివరకు చొక్కాలు కుట్టినవాళ్లం, జేబులు విప్పడం మాకు అలవాటే, మేం అయిదుగురం విప్పుతాం" అన్నారు ఆ మూలనుంచి. మాస్టరు గోడమీది కాగితం పీకి తన బల్లమీదే అంటించుకుని, కొత్త గుర్తులు పెట్టడం మొదలెట్టాడు. ఎవరూ ఎవర్నీ అడగలేదు. కాజాలు పక్కన పెట్టి ఈలక్క కూడా జేబులు కుట్టడానికి కూర్చుంది.

అన్న మాట ప్రకారం అయిదింటికి బావమరిది దిగాడు. గుట్టలుగా పడున్న కోట్లు చూసి లోపల్లోపల మురిసిపోయాడు. "ఏమ్మా, నేను చెప్పలా? మరి ఏమనుకున్నారు?"

ఈలక్క నోరు తెరిచేలోపు పక్కనుంచి చెయ్యి లేచింది. "ఆపక్కా" అంది తోడికోడలు. "నీ జేబు ఒకవైపు జారింది."

పంతొమ్మిదేళ్లలో ఈలక్కని పని ఆపమన్నవాళ్లు లేరు. నాకే చెప్పేంతదానివయ్యావా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. కోటు ఎత్తి వెలుతురుకి పెట్టి చూసింది. నిజమే, నూలుపోగంత వాలింది.

"ఇంత చిన్నదానికి కూడా ఆపేస్తారా?" అని నవ్వాడు బావమరిది. "వాళ్లకి మీరైనా గట్టిగా చెప్పండమ్మా!"

"చెప్పడానికేముంది బాబూ, కుట్టు తప్పింది నాదే" అని ఈలక్క బ్లేడు అందుకుంది.

"సార్, కాస్త పక్కకి జరగండి, కోట్లు ఇస్త్రీకి వెళ్లాలి" అన్నాడు కటింగ్ మాస్టరు. "మీ అవసరం మాకు లేదు. రేపు పన్నెండింటికి ఆసుపత్రికి మేమే పట్టుకెళ్తున్నాం."

బావమరిది ఇంకా ఏదో అంటూనే ఉన్నాడు. ఈలక్క వినడం మానేసింది. ఒక్కొక్క కుట్టే తెంపి, జేబు సరిచేసి, మళ్లీ కుట్టి, కోటు తోడికోడలి ముందు పెట్టింది.

"ఇప్పుడు చూడవే. సరిగ్గా ఉందా?"

తోడికోడలు వెంటనే తలూపలేదు. స్కేలు తీసుకుని కొలవడం మొదలుపెట్టింది. ఈలక్క చేతులు కట్టుకుని నిలబడింది.